మట్టి కప్పేసిన సెప్టిక్ డ్రెయిన్ ఫీల్డ్ ఎక్కడుందో కనుక్కోవడం ఎలా?

పాత ఇల్లు కొన్నవాళ్లు ఈ మధ్య ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న ఇది. డ్రెయిన్ ఫీల్డ్ అంటే సెప్టిక్ ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు భూమిలో ఇంకడానికి తవ్వి కప్పేసిన కాలువలు. లెట్రిన్ ట్యాంకు నీళ్లు ఎటు పోతున్నాయో తెలియదు, అమ్మినాయన ఫోన్ ఎత్తడు, కట్టిన మేస్త్రీ ఎవరో తెలియదు. ఇప్పుడు పెరట్లో ఒక పోర్షన్ వేయాలి, లేదా కారు షెడ్డు కట్టాలి, లేదా బోరు పాయింటు పెట్టించాలి. ఎక్కడ గడ్డపార దించితే ఏం తగులుతుందోనని టెన్షన్.

ఈ పనికి ఖరీదైన మిషన్లు అక్కర్లేదు. వరుస తప్పకుండా చేస్తే చాలు. ఆ వరుస ఏమిటంటే, ఇంటి నుంచి బయటికి వెతుక్కుంటూ పోవాలి. టాయిలెట్, దాని పైపు, చాంబర్ (పైపు మధ్యలో మూత పెట్టి కట్టే చిన్న తొట్టి), ట్యాంకు, ట్యాంకు నుంచి బయటికొచ్చే పైపు, ఆ తర్వాతే ఫీల్డ్. చాలామంది దీన్ని తిరగేసి, పెరట్లో గడ్డి పచ్చగా కనిపించిన చోట తవ్వడం మొదలుపెడతారు. రెండు మూడు గుంతలు పడతాయి, కూలి డబ్బులు పోతాయి, ఏమీ దొరకదు.

## 1. అసలు మీ ఇంటికి డ్రెయిన్ ఫీల్డ్ ఉందా?

ముందు ఇది తేల్చుకోండి. వరంగల్, హన్మకొండ, కరీంనగర్, జనగామ వైపు ఇళ్లలో సాధారణంగా ఈ నాలుగింటిలో ఒకటి ఉంటుంది.

- ట్యాంకు, సోక్ పిట్: ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు కంకర నింపిన లేదా సిమెంటు రింగులు దించిన ఒక గుంతలోకి పోయి ఇంకుతాయి.
- ట్యాంకు, మోరీ: నీళ్లు నేరుగా వీధి మోరీలోకి పోతాయి. ఇది ఉండకూడదు, కానీ కాలనీల్లో చాలాచోట్ల ఉన్నది ఇదే.
- రెండు గుంతల మరుగుదొడ్డి: ఊళ్లలో స్వచ్ఛ భారత్ కింద కట్టినవి ఎక్కువగా ఇవే. చిన్న చాంబర్ నుంచి పైపు రెండుగా చీలి రెండు రింగుల గుంతల్లోకి పోతుంది. ఆ గుంతల్లోనే నీళ్లు ఇంకుతాయి కాబట్టి వేరే ఫీల్డ్ ఉండదు.
- ట్యాంకు, డ్రెయిన్ ఫీల్డ్: కంకర పరిచిన కాలువల్లో చిల్లుల పైపులు, లేదా అతుకుల దగ్గర సందు వదిలిన మట్టి పైపులు, సిమెంటు పైపులు వేసి పైన మట్టి కప్పేస్తారు. నీళ్లు ఆ కాలువల పొడవునా ఇంకుతాయి.

నాలుగోదానికి జాగ కావాలి. భారతీయ ప్రమాణం ఐఎస్ 2470 రెండో భాగం ప్రకారం నీళ్లు ఇంకే ఏర్పాటు తాగునీటి బావికి కనీసం 18 మీటర్లు, మనుషులుండే ఇంటికి కనీసం 6 మీటర్ల దూరంలో ఉండాలి. 6 మీటర్లంటే దాదాపు 20 అడుగులు. 40 అడుగుల వెడల్పు, 45 అడుగుల పొడవున్న 200 గజాల జాగలో ఇల్లు కట్టాక 20 అడుగుల ఖాళీ ఎక్కడ మిగులుతుంది? అలాంటి జాగలో డ్రెయిన్ ఫీల్డ్ కోసం వెతకడం దండగ. అక్కడ వెతకాల్సింది సోక్ పిట్‌ను, లేదా మోరీకి పోయే పైపును.

ఊరి బయట ఎకరం, అరెకరంలో కట్టిన ఇళ్లు, మామిడి తోటల్లోని ఫామ్‌హౌస్‌లు, పెద్ద ఆవరణ ఉన్న పాత క్వార్టర్లు, హాస్టళ్లు అయితే ఫీల్డ్ ఉండే అవకాశం ఉంది. సోక్ పిట్ వెతికేవాళ్లకు కూడా కింద చెప్పిన ఏడో అంచె దాకా పద్ధతి ఒకటే.

## 2. మోరీ పరీక్ష

పెరట్లోకి దిగే ముందు ఇది చేయండి, ఖర్చు లేదు. నిండిన సెప్టిక్ ట్యాంకులోకి ఎన్ని నీళ్లు పోతే అన్ని నీళ్లు అవతలి పైపులోంచి బయటికి రావాల్సిందే. దాన్నే వాడుకుంటాం.

1. వంటింట్లో, బాత్రూంలో, వాషింగ్ మిషన్ దగ్గర నీళ్లు వాడటం ఆపించండి.
2. ఇంటి ముందు, పక్కన మోరీలోకి తెరుచుకున్న పైపులన్నీ చూసిపెట్టుకోండి. గోడ కింద చెత్తలో దాగినవి కూడా.
3. ఒకరు టాయిలెట్‌లో పది బకెట్ల దాకా వెంటవెంటనే పోయాలి. ఇంకొకరు మోరీ దగ్గర పావుగంట నిలబడాలి.
4. నల్లటి, వాసన వచ్చే నీళ్లు సన్నగా కారడం మొదలైతే ట్యాంకు నీళ్లు మోరీకే పోతున్నట్టు.

ట్యాంకును ఈ మధ్యే బండితో ఖాళీ చేయించి ఉంటే ఈ పరీక్ష పని చేయదు. ట్యాంకు మళ్లీ నిండేదాకా ఆగాలి. మోరీలోకి ఏమీ రాకపోతే నీళ్లు భూమిలోకే పోతున్నాయి, వెతుకులాట మొదలుపెట్టవచ్చు.

## 3. తవ్వకముందు అడగాల్సినవాళ్లు

కాగితాల దగ్గర మొదలుపెట్టండి. ఇంటి అనుమతికి పెట్టిన ప్లానులో సెప్టిక్ ట్యాంకు గీసి ఉంటుంది. బ్యాంకు లోన్ మీద కట్టిన ఇల్లైతే బ్యాంకు ఫైల్లో ఒక కాపీ ఉంటుంది. అయితే ప్లానులో గీసిన చోటే కట్టారని గ్యారంటీ లేదు. మేస్త్రీ వచ్చాక, వాస్తు చూసే ఆయన వచ్చాక చాలా మారిపోతాయి.

వాస్తు మీకు నమ్మకం ఉన్నా లేకపోయినా ఇక్కడ అది పనికొచ్చే ఆధారమే, ఎందుకంటే కట్టించినవాళ్లకు నమ్మకం ఉండి ఉంటుంది. మన వైపు ఈశాన్యంలో బోరు, సంపు పెడతారు, లెట్రిన్ ట్యాంకు పెట్టనివ్వరు. నైరుతిలో గుంత తవ్వనివ్వరు. ట్యాంకు ఎక్కువగా వాయవ్యం వైపు, లేదంటే ఉత్తరం మధ్యలో, తూర్పు మధ్యలో ఉంటుంది. ముందు ఆ మూడు చోట్ల చూడండి.

ఇక మనుషులు. నన్నడిగితే అందరికంటే బాగా తెలిసేది సెప్టిక్ ట్యాంక్ బండి నడిపేవాళ్లకు. ఆ వీధిలో ఏ ఇంటికి మూత ఎక్కడుందో, బండి పైపు ఎటునుంచి లాగాలో వాళ్లకు గుర్తుంటుంది. "అన్నా, ఈ ఇంటికి ఎప్పుడన్నా వచ్చినవా? మూత ఎక్కడ తీసినవ్?" అని అడిగితే సగం పని అయిపోతుంది. పక్కింటి పెద్దవాళ్లను "ఇల్లు కట్టేటప్పుడు మట్టి ఎక్కడ కుప్ప పోసిన్రు?" అని అడగండి. "ట్యాంకు ఎక్కడ?" అంటే గుర్తురాదు కానీ మట్టి కుప్ప, కంకర లారీ ఆగిన చోటు గుర్తుంటాయి.

గృహప్రవేశం ఫోటోలు, పెళ్లి వీడియోలు కూడా చూడండి. పెరట్లో షామియానా వెనక సిమెంటు మూతో, వెంట్ పైపో కనిపిస్తుంది. కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ ప్రో పెట్టుకుంటే పాత సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలు చూడొచ్చు. పెద్ద జాగలైతే కాలువలు తవ్వినప్పటి ఎర్రమట్టి చారలు ఒక్కోసారి స్పష్టంగా దొరుకుతాయి.

## 4. కాలం, సామాన్లు

నేలలోకి ఇనుప సువ్వ దించి కింద ఏముందో చూడటమే ఇందులో అసలు పని. వానలు వెనకపట్టాక, నేల గట్టిపడక ముందు, అంటే దసరా తర్వాత నుంచి శివరాత్రి దాకా దానికి అనువైన కాలం. గడ్డి తేడా చూడాలంటే మాత్రం ఎండాకాలం మొదలే మంచిది. మే నెలలో ఎర్ర చెల్కలోకి సువ్వ దిగదు. తప్పదంటే ముందురోజు సాయంత్రం ఆ చోటు తడిపి పెట్టండి. వానాకాలం నడిమధ్య చేయకండి. నేలంతా తడిగా ఉన్నప్పుడు ఏ తడి దేనిదో తెలియదు.

కావాల్సినవి:

- 10 లేదా 12 ఎంఎం ఇనుప సువ్వ, 4 నుంచి 5 అడుగులు. పైన అడ్డంగా పిడి వెల్డింగ్ చేయించండి. కొస గుండ్రంగా అరగదీయించండి, మొనదేలి ఉండకూడదు.
- 30 మీటర్ల టేపు, దారం, చిన్న కొయ్యలు
- ముగ్గు పిండి లేదా సున్నం
- పార, గడ్డపార, తాపీ
- రబ్బరు గ్లౌజులు, గమ్ బూట్లు, సబ్బు
- రెండు బలమైన చెక్క పలకలు
- గళ్ల నోట్‌బుక్, పెన్సిల్

సువ్వ కొస విషయం చాలామంది పట్టించుకోరు. మొనదేలిన సువ్వ పీవీసీ పైపును పొడిచేస్తుంది. గుండ్రని కొస పైపును తాకి పక్కకు జారుతుంది, మీ చేతికి ఆ తేడా తెలుస్తుంది.

## 5. నేలకింద ఇంకేమున్నాయో ముందే గుర్తించండి

బోరు మోటరు కేబుల్ చాలా ఇళ్లలో జానెడు లోతులో, ఏ రక్షణా లేకుండా ఉంటుంది. స్టార్టర్ దగ్గర ఆపితే చాలదు. మెయిన్ ఆఫ్ చేసి ఫ్యూజు తీసిపెట్టుకోండి. గేటు లైటు, పెరటి లైటు వైర్లూ అంతే. మిషన్ భగీరథ నల్లా పైపు రోడ్డు నుంచి ఎటు వచ్చిందో, సంపు నుంచి పైట్యాంకుకు పైపు ఎటు పోయిందో ముగ్గుతో గీతలు గీసుకోండి. పైపు గ్యాస్ ఉన్న కాలనీ అయితే ఆ లైను చూపించమని కంపెనీవాళ్లను అడిగాకే సువ్వ ముట్టుకోండి.

రెండో ప్రమాదం పాత గుంతలు. ఇప్పుడున్న ట్యాంకు కంటే ముందు ఇంకో గుంత ఉండి ఉండొచ్చు. దానిమీద పరిచిన షాబాద్ బండలు ఏళ్ల తడికి పొరలు పొరలుగా ఊడి పలచబడతాయి. పైన మట్టి, గడ్డి ఉంటే కింద ఖాళీ ఉందని తెలియదు. అడుగేస్తే నేల కదిలినట్టు, డొల్లగా అనిపిస్తే వెనక్కి రండి. అటు వెళ్లక తప్పదంటే పలకలు పరిచి వాటిమీదే నిలబడండి. పిల్లల్ని, గొడ్లను ఆ రోజు పెరట్లోకి రానివ్వొద్దు.

## 6. ఇంటి నుంచి ట్యాంకు దాకా

గళ్ల నోట్‌బుక్‌లో జాగ గీయండి. ఒక గడి రెండు అడుగులు. ఇంటి నాలుగు మూలలు, బోరు, చెట్లు, టాయిలెట్లు అన్నీ పెట్టండి. ఇప్పుడు ప్రతి టాయిలెట్ వెనక గోడ దగ్గరికి వెళ్లి 4 అంగుళాల పైపు ఎక్కడ భూమిలోకి దిగిందో చూడండి. మొదటి అంతస్తు ఉంటే పని సులువు, పైపు గోడమీదే కనిపిస్తుంది.

దాని దగ్గర్లో ఒక చాంబర్ ఉంటుంది. సాధారణంగా ఒకటిన్నర నుంచి రెండు అడుగుల చదరపు మూత. మట్టి కప్పేసినా సువ్వ రెండు మూడు సార్లు దించితే దొరుకుతుంది. మూత తీసి, వంగకుండా దూరం నుంచే చూడండి. నీళ్లు ఎటు నుంచి వచ్చి ఎటు పోతున్నాయి? బయటికి పోయే పైపు ఏ దిక్కు చూస్తోంది? ఆ దిక్కుకే దారం లాగి కొయ్యలు పాతండి. ట్యాంకు దాదాపుగా ఆ దారం మీదే ఉంటుంది.

లోతును ముందే లెక్కేసుకుంటే సువ్వ గుడ్డిగా దించాల్సిన పని ఉండదు. ఈ పైపులకు వాలు సుమారు 40కి 1 నుంచి 60కి 1 దాకా ఇస్తారు, అంటే పది అడుగులకు రెండు మూడు అంగుళాలు.

ఒక ఉదాహరణ. చాంబర్ అడుగు నేలకు 18 అంగుళాల లోతు. ట్యాంకు 20 అడుగుల దూరం. 40కి 1 వాలైతే పైపు 6 అంగుళాలు దిగుతుంది, ట్యాంకు దగ్గర 24 అంగుళాల లోతుకు చేరుతుంది. బయటికి పోయే పైపు లోపలికి వచ్చే పైపు కంటే 2 అంగుళాలు కిందికి పెడతారు కాబట్టి అది 26 అంగుళాలు. ట్యాంకులో నీటిమట్టమూ అదే. నీటికీ స్లాబుకూ మధ్య ఒక అడుగు ఖాళీ, స్లాబు మందం 4 అంగుళాలు అనుకుంటే స్లాబు పైభాగం నేలకు 10 అంగుళాల లోపే ఉంటుంది. నేల సమంగా ఉంటేనే ఈ లెక్క. తర్వాత మట్టి పోసి ఎత్తు చేసిన పెరడైతే ఆ ఎత్తు కూడా కలుపుకోండి.

## 7. ట్యాంకు నాలుగు మూలలు, బయటికి పోయే కొస

దారం వెంబడి రెండేసి అడుగులకు ఒకసారి సువ్వ దించండి. అనుకున్న లోతులో గట్టిగా, సమంగా తగిలితే అక్కడి నుంచి నాలుగు వైపులా అడుగు అడుగునా దించుతూ అంచులు పట్టుకోండి. అంచు దాటగానే సువ్వ జర్రున దిగుతుంది. ప్రతి అంచు మీద ముగ్గు వేయండి. నేలమీద ఒక దీర్ఘచతురస్రం తేలుతుంది.

స్లాబులో ఇనుప రాడ్లు ఉంటాయి కాబట్టి మెటల్ డిటెక్టర్ ఉంటే ట్యాంకు త్వరగా దొరుకుతుంది. కంకర కాలువల్లో ఇనుము ఉండదు, కాబట్టి ఫీల్డ్ వెతకడానికి అది పనికిరాదు. దీనికోసమని అద్దెకు తెచ్చుకోవద్దు.

ప్రమాణం ప్రకారం ట్యాంకు పొడవు వెడల్పుకు రెండు నుంచి నాలుగు రెట్లు ఉంటుంది. లోపలికి వచ్చే పైపు ఒక కొసన, బయటికి పోయే పైపు అవతలి కొసన. ఇంటి పైపు వచ్చి చేరిన కొసకు ఎదురుకొస కనుక్కుంటే ఫీల్డ్ మొదలయ్యే చోటు దొరికినట్టే. కొందరు మేస్త్రీలు జాగ లేక బయటి పైపును పక్క గోడకు పెడతారు, అది కూడా ఎదురుకొసకు దగ్గరగానే ఉంటుంది.

ట్యాంకు మూత విషయంలో: ఈ పనికి మూత తీయాల్సిన అవసరం లేదు. లోపల మీథేన్, హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటాయి. హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముక్కు వాసన పట్టడమే మానేస్తుంది, కాబట్టి "వాసన లేదు కదా" అని ధైర్యం చేయొద్దు. తల వంచొద్దు, అగ్గిపుల్ల గీయొద్దు, బీడీ కాల్చొద్దు. మనిషిని లోపలికి దించడం ప్రాణం తీసే పని. రక్షణ పరికరాలు లేకుండా దించడం పాకీ పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం కూడా. ఒకరు పడిపోతే కాపాడబోయి ఇంకొకరు దిగడం వల్లే ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు పోతుంటారు. ఎటూ ట్యాంకు ఖాళీ చేయించే సమయం వస్తే, వచ్చినవాళ్లనే మూత తీయమని చెప్పి బయటి పైపు ఏ వైపుందో చూసి చెప్పమనండి. వరంగల్ నగరంలో ఈ బండ్లకు 2016 నుంచి నిబంధనలు ఉన్నాయి. లైసెన్సు ఉన్న బండినే పిలవండి.

## 8. బయటి పైపు వెంట ఫీల్డ్‌లోకి

పని ఇక్కడ నెమ్మదిస్తుంది, నెమ్మదించాలి కూడా.

ట్యాంకు ఎదురుకొస పక్కన రెండడుగుల వెడల్పున చేత్తో తవ్వండి. జేసీబీ వద్దు. లెక్కేసిన లోతుకు అరడుగు ముందే గడ్డపార పక్కనపెట్టి తాపీ పట్టుకోండి. పైపు పైభాగం బయటపడగానే ఆపండి. అది ఏ దిక్కు చూస్తోందో, మామూలు పైపో చిల్లుల పైపో చూడండి. ట్యాంకు దగ్గర ఎప్పుడూ మామూలు పైపే ఉంటుంది, కంగారు పడొద్దు.

ఇప్పుడు ఆ పైపు దిక్కున దారం లాగి, దారానికి అడ్డంగా సువ్వ దించుతూ వెళ్లండి. ప్రతి మూడు అడుగులకు ఒక వరుస, వరుసలో అరడుగుకు ఒకసారి, పైపుకు ఇటు రెండడుగులు, అటు రెండడుగులు. దారం మీదే దించుకుంటూ పోతే పైపు వంపు తిరిగిన చోట తప్పిపోతారు. అడ్డంగా దించితే వంపు దొరికిపోతుంది.

కొంత దూరంలో ఇటుకలతోనో సిమెంటుతోనో కట్టిన చిన్న పెట్టె తగలొచ్చు. అదే నీళ్లు పంచే పెట్టె. అక్కడి నుంచి రెండు మూడు పైపులు చీలతాయి. పెట్టె దొరికితే ఫీల్డ్ సగం దొరికినట్టే. దాని చుట్టూ రెండడుగుల దూరంలో గుండ్రంగా సువ్వ దించితే ఎన్ని కాలువలు ఎటు పోయాయో తెలుస్తుంది.

ప్రమాణం ప్రకారం కట్టిన కాలువల కొలతలు ఇవి, వెతికేటప్పుడు మనసులో పెట్టుకోండి:

- కాలువ లోతు 50 నుంచి 100 సెంటీమీటర్లు, వెడల్పు 30 నుంచి 100 సెంటీమీటర్లు
- అడుగున 15 నుంచి 25 సెంటీమీటర్ల కంకర
- పైపు లోపలి వ్యాసం 75 నుంచి 100 మిల్లీమీటర్లు
- ఒక్కో కాలువ పొడవు 30 మీటర్లు మించదు
- కాలువకూ కాలువకూ మధ్య కనీసం 1.8 మీటర్లు, అంటే 6 అడుగులు

ఒక కాలువ దొరికాక దానికి సమాంతరంగా ఆరు నుంచి పది అడుగుల దూరంలో ఇంకోటి కోసం చూడండి. మన మేస్త్రీలు అంగుళం లెక్కన పుస్తకం పాటించరు. కానీ నీళ్లు వాలుకే పోవాలి, అది మాత్రం ఎవరూ మార్చలేరు. పెరడు ఒకవైపు పల్లమైతే ఫీల్డ్ ఆ వైపే ఉంటుంది. మీ కళ్లకు వాలు తెలియకపోతే మేస్త్రీల లెవల్ పైపులో నీళ్లు పోసి రెండు కొసలు చూసుకోండి.

కాలువ కొస ఎలా తెలుస్తుంది? సువ్వకు కంకర తగలడం ఆగిపోతుంది. ఇంకో మూడు అడుగులు ముందుకు వెళ్లి, అక్కడా లేదని తేలాకే ముగ్గు వేయండి.

## 9. సువ్వ ఏం చెబుతోంది?

| సువ్వకు తెలిసేది | అడుగున ఉన్నది |
|---|---|
| కరకరమని రాపిడి, కాస్త కదుపుతూ నొక్కితే దిగుతుంది | కంకర, ఫీల్డ్ లేదా సోక్ పిట్ |
| ఠంగుమని మోగుతుంది, పక్కకు జరిపినా అదే లోతులో అదే మోత | షీట్ రాక్ (నేలకింద పరుచుకున్న ఒకే బండ) |
| ఠంగుమంటుంది, జానెడు జరిపితే ఏమీ లేదు | విడి రాయి |
| డబ్బుమని డొల్ల చప్పుడు | స్లాబు, కింద ఖాళీ. అక్కడ నిలబడొద్దు |
| మెత్తగా ఎగిరినట్టు తగిలి పక్కకు జారుతుంది | పీవీసీ పైపు |
| జర్రున దిగిపోతుంది, తడి బురద అంటుకొస్తుంది | పూడ్చిన గుంత లేదా నిండిన కాలువ |

హన్మకొండ గుట్టల చుట్టుపక్కల రెండు మూడు అడుగులకే రాయి తగిలే జాగలు చాలా ఉన్నాయి. అలాంటి చోట ఎవరూ కాలువలు తవ్వి ఉండరు. మొరం నేల ఇంకో చిక్కు. మొరంలోనూ సువ్వ కరకరమంటుంది. తేడా తెలియాలంటే ఫీల్డ్‌కు దూరంగా, ఎవరూ తవ్వి ఉండరనుకున్న చోట ముందుగా ఒకసారి దించి ఆ స్పర్శ చేతికి గుర్తు పెట్టుకోండి. ఆ తర్వాత పోల్చుకోండి. సువ్వ బయటికి తీసినప్పుడల్లా కొసను చూడండి. నల్లటి జిగట అంటుకుని వాసన వస్తే అది మొరం కాదు.

## 10. కంటికి కనిపించే గుర్తులు, వాటిని ఎంత నమ్మాలి

వీటిని సువ్వతో తేలినదానికి తోడు సాక్ష్యంగా వాడండి, వీటితోనే నిర్ణయించొద్దు.

ఎండాకాలం మొదట్లో చుట్టూ గడ్డి ఎండి, ఒక పట్టీలా మాత్రం పచ్చగా మిగిలితే కింద తడి ఉంది. ఆ పట్టీ సూటిగా, ఒకే వెడల్పున ఉంటే కాలువే అయి ఉండొచ్చు. గుండ్రంగా ఉంటే సోక్ పిట్, లేదా లీకవుతున్న నల్లా పైపు.

నల్లరేగడిలో ఇంకో గుర్తు ఉంది. ఎండలకు నేలంతా నెర్రెలు విచ్చుతుంది, తడి ఉన్న కాలువ మీద నెర్రెలు తక్కువ. సాయంత్రం ఏటవాలు ఎండలో చూస్తే కాలువ మీద మట్టి కుంగిన పల్లం కూడా నీడలో తెలుస్తుంది.

మోసం చేసేది వాన నీటి ఇంకుడు గుంత. అందులోనూ కంకర, ఇసుక ఉంటాయి. డాబా మీది వాన పైపు దానివైపు వస్తుంటే, తవ్వితే వాసన లేకపోతే అది మనం వెతికేది కాదు. పూడ్చిన పాత చేదబావి కూడా ఇలాగే పచ్చగా కనిపిస్తుంది. వీధిలో పెద్దవాళ్లను అడిగితే తెలిసిపోతుంది.

## 11. చేత్తో తవ్వి ఖాయం చేసుకోవడం

మొత్తం తవ్వక్కర్లేదు. ఒక కాలువ మధ్యలో ఒకటి, కొసన ఒకటి, అడుగు వెడల్పు గుంతలు చాలు. కంకర కనిపించగానే ఆపండి. కంకర కాస్త తడిగా ఉంటే పని చేస్తున్నట్టు. నల్లటి జిగురు పట్టి నీళ్లు నిలిచి ఉంటే ఆ కాలువ మూసుకుపోతోంది. ఎండుగా, శుభ్రంగా ఉంటే నీళ్లు అక్కడిదాకా రావడం లేదు, ముందెక్కడో పైపు విరిగింది లేదా పెట్టెలో అడ్డం పడింది.

గ్లౌజులు లేకుండా ఆ కంకర ముట్టుకోవద్దు. చేతికి గాయం ఉంటే పని ఇంకొకరికి అప్పగించండి. గుంతలు అదే రోజు పూడ్చండి. సువ్వ, పార బ్లీచింగ్ నీళ్లతో కడిగి ఎండలో పెట్టండి.

## 12. ఎక్కువగా జరిగే తప్పులు, సరిచేయడం

జేసీబీని ముందే పిలవడం. బకెట్ ఒక్కసారి దిగితే పైపు ముక్కలవుతుంది, బరువుకు కంకర, మట్టి కలిసిపోతాయి. పిలిచేసి ఉంటే కాలువల మీదికి ఎక్కకుండా ముగ్గు గీతలకు పది అడుగుల దూరంలో ఆపండి.

పైపు పగలడం. సువ్వో పారో తగిలి పైపు పగిలితే ఆ ముక్క కోసి, అంతే సైజు కొత్త ముక్కను కప్లింగులతో వేయించండి. గోనె సంచి చుట్టి మట్టి కప్పేస్తే ఆరు నెలల్లో అక్కడే పొంగుతుంది.

మొదటి కాలువ దగ్గరే ఆగిపోవడం. ఒకటి దొరకగానే అదే మొత్తం అనుకుని మిగతా జాగలో పునాది తీస్తారు. సమాంతరంగా రెండు వైపులా వెతికాకే పని ముగించండి.

వంటింటి నీళ్ల పైపును పట్టుకుని పోవడం. అది చాలా ఇళ్లలో వేరే లైను, నేరుగా మోరీకో తోటకో పోతుంది. పైపు టాయిలెట్ వెనక నుంచే మొదలైందా అని చూసుకోండి.

ఇంతచేసినా దొరకకపోతే. చాంబర్ నుంచో, బయటి పైపు నుంచో కెమెరా పంపే ప్లంబర్‌ను పిలవండి. పైపు లోపల సాగే ఇనుప స్ప్రింగ్ తోయించి, పైన మెటల్ డిటెక్టర్ పట్టుకుని దాని వెంట నడిచినా దారి తెలుస్తుంది. అప్పుడు మాత్రం డిటెక్టర్ అద్దె దండగ కాదు.

## 13. దొరికింది పోకుండా దాచుకోవడం

ముగ్గు ఒక్క వానకు పోతుంది. అది పోకముందే ఇవి చేయండి:

- ట్యాంకు నాలుగు మూలలు, పంచే పెట్టె, ప్రతి కాలువ మొదలు, కొస: ఒక్కోదానికి రెండు కదలని గుర్తుల నుంచి టేపుతో దూరం రాయండి. ఇంటి రెండు మూలలైతే మేలు. చెట్టు, గేటు వద్దు, అవి మారతాయి.
- ప్రతి చోటా లోతు రాయండి.
- టేపు కనిపించేలా ఫోటోలు తీయండి. ఫోన్ లొకేషన్ ఒక్కటే నమ్మొద్దు, అది కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది.
- కాంపౌండు గోడమీద కాలువ కొసల ఎదురుగా పెయింటుతో గీతలు గీయండి.
- ట్యాంకు మూత మట్టిలో ఉంటే ఒక సిమెంటు రింగు పెట్టించి నేలమట్టానికి తెప్పించండి.

ఫీల్డ్ మీద కారు నిలపొద్దు, బండలు పరచొద్దు, సిమెంటు వేయొద్దు. వేప, రావి, మర్రి లాంటివి దగ్గర్లో పెట్టొద్దు, వేళ్లు పైపులోకే దూరతాయి. గడ్డి, పూల మొక్కలు పర్వాలేదు. తినే కూరగాయలు, ముఖ్యంగా ముల్లంగి, క్యారెట్ లాంటి దుంపలు వద్దు. కొత్త బోరు పాయింటు ఎవరు పెట్టినా ముందు టేపు తీసి ఆ 18 మీటర్లు కొలవండి. పాత బోరు అంతకంటే దగ్గరగా ఉంటే ఆ నీళ్లను ల్యాబ్‌లో బ్యాక్టీరియా పరీక్ష చేయించేదాకా తాగడానికి వాడొద్దు.

పటం ఒక కాపీ ఇంటి రిజిస్ట్రేషన్ కాగితాల ఫైల్లో పెట్టండి. ఇంకోటి ప్లాస్టిక్ కవర్లో వేసి మీటరు బోర్డు తలుపు లోపల అతికించండి. పోర్షన్ కిరాయికి ఇచ్చినా, రేపు ప్లంబర్ వచ్చినా మీరు ఇంట్లో ఉండాల్సిన పని లేదు.